పేరు తీసేస్తే సరిపోదు

పిల్లలపై లైంగిక దాడి వార్త రాసే మండల విలేకరులు కాపీ పంపేముందు ఒక్క పని చేయండి. అదే ఊళ్లో కిరాణా కొట్టు నడిపే మనిషి చదువుతున్నట్టుగా మీ వార్తను మళ్లీ చదవండి. పాప ఎవరో అతను పోల్చుకోగలడా? పేరు లేకపోయినా ఫలానా కాలనీ, ఏడో తరగతి, తండ్రి ఆటో డ్రైవర్ అని ఉంటే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ పేరు, ఫొటోలే కాదు, చిరునామా, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు కూడా బయటపెట్టొద్దంటుంది. ఏడాది వరకు జైలు పడొచ్చు.

నిందితుడు దగ్గరి బంధువైతే మరీ జాగ్రత్త. అతని పేరు రాసి పక్కనే మేనమామ అని రాస్తే పాపను వేలెత్తి చూపించినట్టే. నేనైతే పేరు, చుట్టరికం రెండూ వదిలేయమంటాను. ఊరి బదులు మండలం రాయండి, చిన్న మండలమైతే జిల్లా చాలు. వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికే తిరుగుతోంది కదా అనుకోవద్దు, అచ్చులో వచ్చేదానికి బాధ్యత మనదే. డెస్క్ నుంచి ఊరి పేరు అడిగితే ఎందుకు రాయలేదో ఫోన్‌లో వివరంగా చెప్పండి. ఇంటి ఫొటో మాత్రం, బ్లర్ చేసి కూడా పంపకండి.