తెలుగు సినిమా సమీక్షల్లో మెప్పు, విమర్శ లెక్కించే ముందు జాగ్రత్తలు

ఏ సమీక్ష మెప్పో, ఏది విమర్శో కంప్యూటరుతో తేల్చే ప్రోగ్రాం నడిపే ముందు ఇవి చూసుకోండి.

అన్నిటికన్నా ముందు 'లేదు', 'కాదు'. లెక్కకు అక్కర్లేదని ప్రోగ్రాం తొలగించే మాటల జాబితాలో ఇవి ఉంటే, ఆ జాబితాలోంచి వెంటనే తీసేయండి. 'నచ్చలేదు'ను ధాతువుకు కుదిస్తే 'నచ్చు' మిగులుతుంది. విమర్శ కాస్తా మెప్పవుతుంది. రాసినవారికి అంతకన్నా అన్యాయం లేదు. 2002లో పాంగ్, లీ, వైద్యనాథన్ అనే పరిశోధకులు ఇంగ్లీషు సినిమా సమీక్షలపై పనిచేసినప్పుడు, వ్యతిరేక పదం నుంచి విరామచిహ్నం దాకా వచ్చే మాటలన్నిటికీ ప్రత్యేక గుర్తు తగిలించారు. మనకు ఆ పద్ధతి సరిపోదు. 'కథ బాగుందని చెప్పలేను' అన్నప్పుడు వ్యతిరేకత వాక్యం చివర, అదీ క్రియలోనే కలిసిపోయి ఉంటుంది. 'చూడకుండా ఉండలేరు' అయితే రెండు వ్యతిరేకాలు కలిసిన నిండు పొగడ్త!

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును పారేయకండి. తెలుగు లిపిలోకి మార్చుకోండి.

ప్రతి సమీక్షనూ ఇద్దరు విడివిడిగా చదివి మెప్పో, విమర్శో గుర్తు పెట్టాలి. 'పాటలు అద్భుతం, రెండో సగం భరించలేం' లాంటి చోట మనుషులకే ఏకాభిప్రాయం కుదరదు. అక్కడ పాటలకూ కథనానికీ వేరువేరు గుర్తులు ఇవ్వడమే న్యాయం.

పేర్లు, ఫోను నంబర్లు ముందే తొలగించండి.

ప్రోగ్రాంను పరీక్షించడం కోసం పక్కన పెట్టిన సమీక్షలు, దానికి శిక్షణ ఇచ్చే సమీక్షల్లో కలవలేదని మరోసారి సరిచూసుకోండి.