ఐడీ ఫెలోషిప్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి: కేస్ కాన్ఫరెన్స్‌కి వెళ్ళే ముందు

జులైలో ఇన్ఫెక్షియస్ డిసీజెస్ (ఐడీ) ఫెలోషిప్‌లో, అంటే ఇన్ఫెక్షన్ జబ్బుల స్పెషలిస్టు శిక్షణలో, చేరుతున్న మన తెలుగు డాక్టర్ల కోసం రాస్తున్నాను. లైసెన్సు, అపార్ట్‌మెంట్, బ్యాడ్జీ, పార్కింగ్ గురించి చెప్పను. అమెరికాలో మూడేళ్ళు రెసిడెన్సీ (పీజీ శిక్షణ) చేసి వచ్చారు, అవన్నీ మీకు తెలుసు. నాకు బెంగంతా వారంవారం జరిగే కేస్ కాన్ఫరెన్స్ గురించి. మొన్న మనమ్మాయి ఒకావిడ అక్కడ నిలబడి ఇబ్బంది పడటం చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

ఆ కాన్ఫరెన్స్ పద్ధతి రెసిడెన్సీలో పొద్దున్నే కేసులు చర్చించే మార్నింగ్ రిపోర్ట్‌కి దగ్గరగానే ఉంటుంది. కాకపోతే ఎదురుగా కూర్చునేది ఇంటర్న్‌లు కాదు, ముప్ఫై ఏళ్ళుగా జ్వరాలు తప్ప ఇంకోటి చూడని అటెండింగ్‌లు (సీనియర్ డాక్టర్లు). మీరు కేసు చెప్తారు, జబ్బు పేరు దాచిపెడతారు, వాళ్ళు పైకే ఆలోచిస్తూ ఊహిస్తారు. మొదటి స్లైడ్ మీదే గుట్టు విప్పేయకండి. సీటీ స్కాన్ మూలన రోగి పేరు, తేదీ ఉండిపోకుండా చూడండి. హిపా (రోగుల వివరాల గోప్యత చట్టం) లెక్కలో తీసేయాల్సిన వివరాలు 18 రకాలు. 89 దాటినవాళ్ళ అసలు వయసు కూడా అందులో ఉంది.

ఇక అసలు సంగతి, ఎక్స్‌పోజర్ హిస్టరీ: రోగి ఎక్కడ తిరిగాడు, ఏం తిన్నాడు, ఏం ముట్టుకున్నాడు అన్న వివరాలు. మొన్నటి కేసులో రోగికి జ్వరం, ప్లేట్‌లెట్లు తక్కువ, హీమోలిసిస్ (ఎర్ర రక్తకణాలు పగిలిపోవడం). స్మియర్‌లో (మైక్రోస్కోప్ కింద చూసే రక్తపు పూతలో) ఆ కణాల లోపల ఉంగరాలు. మలేరియా అనుకుని మనమ్మాయి ముఖం వెలిగిపోయింది. వెలగదా మరి? 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే కదా! వెనక వరసలోంచి ఒకరు నెమ్మదిగా అడిగారు: ‘ఈయన వేసవి ఎక్కడ గడిపారు?’ మనమ్మాయి స్లైడ్ మీద ‘సోషల్ హిస్టరీ: నాన్‌కంట్రిబ్యూటరీ’ అని, అంటే చెప్పుకోదగ్గదేమీ లేదని, ఉంది. ఆ రోగి అమెరికా దాటింది లేదు. మసాచుసెట్స్ తీరంలోని నాన్‌టకెట్ దీవిలో నెల ఉండి వచ్చారు, చిన్నప్పుడే ప్లీహం తీసేశారు. అది బబేసియా. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, అప్పర్ మిడ్‌వెస్ట్‌లో పిడుదు కాటుతో వచ్చే జబ్బు. స్మియర్‌లో ఫాల్సిపారమ్ మలేరియాకి కవల పిల్లలా ఉంటుంది.

‘నాన్‌కంట్రిబ్యూటరీ’ అన్న మాట మీ స్లైడ్‌లోకి రానివ్వకండి. దయచేసి. జనరల్ మెడిసిన్‌లో చెల్లుతుందేమో గానీ ఐడీలో అది ‘నేను అడగలేదు’ అని ఒప్పుకోవడమే.

మనకి ఇక్కడ ఎందుకు కష్టమంటే, ఏం అడగాలో చిన్నప్పటి నుంచి వంటబట్టిన జ్ఞానం లేదు. గుంటూరులో పొలం పని, అడవి, తడినేల అనగానే స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు గుర్తొస్తాయి. ఇక్కడ కుందేలు చర్మం ఒలిచాడంటే టులరీమియా అనే బ్యాక్టీరియా జబ్బు గుర్తు రావాలి. కుందేలే అక్కర్లేదు, మార్తాస్ విన్‌యార్డ్ దీవిలో 2000 వేసవిలో గడ్డి కోసినవాళ్ళకి ఊపిరితిత్తుల్లో వచ్చింది. ఒహాయో, మిసిసిపీ నదుల లోయల్లో కోళ్ళగూడు ఊడ్చినా, గబ్బిలాల గుహలోకి దూరినా హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రం (ఫంగస్). అరిజోనాలోనో, కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలోనో దుమ్ము పీలిస్తే కాక్సీ (కాక్సిడియాయిడిస్) అనే ఇంకో ఫంగస్. లివర్ చెడినవాడు గల్ఫ్ తీరంలో పచ్చి ఆయిస్టర్లు తిన్నాడంటే విబ్రియో వల్నిఫికస్ బ్యాక్టీరియా. గులాబీ ముల్లు గుచ్చుకుంటే స్పోరోథ్రిక్స్ ఫంగస్, పిల్లికూన గీరితే బార్టొనెల్లా బ్యాక్టీరియా. ప్లీహం లేనివాడిని కుక్క కరిస్తే, ఒక్కోసారి నాకినా సరే, కాప్నోసైటోఫాగా బ్యాక్టీరియా. ఇంట్లో హాట్ టబ్ ఉందా అన్నది కూడా ఇక్కడ వైద్యపరమైన ప్రశ్నే. అందుకే ఏ రాష్ట్రంలో చేరుతున్నారో ఆ రాష్ట్రపు క్రిములు, శిలీంధ్రాలు ముందే చదువుకోండి. టెక్సస్‌లో రెసిడెన్సీ చేసి బోస్టన్ వెళ్తే మళ్ళీ కొత్తే.

‘పెంపుడు జంతువులు ఉన్నాయా’ అని అడిగి వదిలేస్తే చాలదు. ఏ జంతువు, ఎప్పుడు తెచ్చుకున్నారు, దానికి జబ్బు చేసిందా, దాని తొట్టి ఎవరు కడుగుతారు? ఉద్యోగమంటే ఇప్పటిది ఒక్కటే కాదు. పుట్టిన ఊరు, సైన్యంలో పనిచేస్తే పంపిన చోట్లు, అన్నీ. స్ట్రాంజిలాయిడిస్ అనే పేగు పురుగు ఒంట్లో దశాబ్దాలు నక్కి ఉండి, స్టెరాయిడ్ పడ్డాక లేస్తుంది.

లైంగిక విషయాలు అడగడంలో మన మొహమాటం గురించి చెప్పనే అక్కర్లేదు. డెబ్బై ఏళ్ళ పెద్దాయన్ని అలా ఎలా అడుగుతాం అనిపిస్తుంది, నాకూ అనిపించేది. మొదటి నెలల్లో రోగి గదిలో నా చెవులు ఎర్రబడటం నాకే తెలిసేది. ఆ పెద్దాయన కంటిచూపు మందగించి వస్తే, అది సిఫిలిస్ అయితే ఏం చేస్తారు? ఎంతమంది భాగస్వాములు, మగవాళ్ళా ఆడవాళ్ళా ఇద్దరూనా, ఏ తీరున, కండోమ్ వాడతారా, ఇంతకుముందు ఏమైనా వచ్చాయా. బీపీ అడిగినంత మామూలుగా అడగండి. మీరు నీళ్ళు నమిలితేనే ఆయన సిగ్గుపడతారు.

మీ కేసు కాని రోజు కూడా నోరు తెరవండి. పెద్దవాళ్ళ ముందు బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవడం మనకి మర్యాద. వాళ్ళకి మాత్రం ఈయనకి ఏమీ తోచలేదనే లెక్క. తప్పు జబ్బు పేరు చెప్పినా ఎవరూ గుర్తుపెట్టుకోరు.

పరిశోధన పత్రాలు చర్చించే జర్నల్ క్లబ్‌కి ఒక్కటే మాట: ట్రయల్‌లో ఎవరిని చేర్చుకోలేదో ముందు చదవండి. రక్తంలో బ్యాక్టీరియా ఉన్నప్పుడు 7 రోజుల యాంటీబయాటిక్ 14 రోజులకి తీసిపోదని 2024లో బ్యాలెన్స్ ట్రయల్ చెప్పింది, నిజమే. రక్తంలో స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఉన్న రోగుల్ని మాత్రం అందులో చేర్చలేదు. ఆ వాక్యం వదిలేసి వార్డులో ఏడు రోజులు అన్నారంటే అటెండింగ్ మీవైపు చూసే చూపు వేరేగా ఉంటుంది. మైక్రోబయాలజీ ల్యాబ్‌లో కల్చర్ ప్లేట్లు చూపించే ప్లేట్ రౌండ్స్ ఎగ్గొట్టకండి, బోర్డు పరీక్షకి కూడా పనికొస్తుంది. ఐడీవాళ్ళ వార్షిక సదస్సు ఐడీవీక్ అక్టోబర్‌లో జరుగుతుంది గానీ అబ్‌స్ట్రాక్ట్‌లు (పరిశోధన సారాంశాలు) వసంతంలోనే పంపాలి. పెరూలోని లిమాలో జరిగే గోర్గస్ ఉష్ణమండల వైద్య కోర్సుకి వెళ్ళాలనుకునే జే-1 వీసా వాళ్ళు పాస్‌పోర్టులో వీసా స్టాంప్ గడువు చూసుకుని గానీ టికెట్ కొనకండి.

కన్సల్ట్‌లు (వేరే వార్డులు సలహాకి పిలిచిన కేసులు) మిగిలాయని లెక్చర్ మధ్యలో లేచి వెళ్ళేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. లెక్చర్ల సమయాన్ని ఇతర పనులు మింగకుండా కాపాడాలని ఈ శిక్షణల్ని గుర్తించే సంస్థ ఏసీజీఎంఈ నిబంధనే ఉంది. పేజర్ ఎవరు పట్టుకుంటారో ముందే మాట్లాడుకోండి. మొహమాటపడి మీరే పట్టుకుంటే ఆ తర్వాత అందరూ అదే అలవాటు చేసుకుంటారు.

సరే, భయపెట్టింది చాలు. డిసెంబర్‌కల్లా ఇదంతా నోటికి వచ్చేస్తుంది. దాదాపు అందరికీ వస్తుంది. పైగా టీబీ కేసో, టైఫాయిడో, మ్యూకరో (బ్లాక్ ఫంగస్) వచ్చిన రోజున గదిలో తలలన్నీ మీవైపే తిరుగుతాయి. అక్కడున్న పెద్దల్లో చాలామంది తమ సర్వీసంతా కలిపి చూసినన్ని టైఫాయిడ్లు మీరు హౌస్‌సర్జన్సీలోనే చూసి ఉంటారు. ఆ రోజు ధైర్యంగా, తాపీగా చెప్పండి. విడాల్ (టైఫాయిడ్‌కి చేసే రక్తపరీక్ష) పాజిటివ్ అని మాత్రం మొదలుపెట్టకండి, బ్లడ్ కల్చర్ ఏమైందని అడుగుతారు.