ఈశాన్య వానలకు ముందు తిరుపతి యువ బృందాలు పాటించవలసిన జాగ్రత్తలు

వాతావరణ మార్పు గురించి కాలనీలలోనూ పల్లెలలోనూ చెప్పడానికి బయలుదేరే విద్యార్థులు ఆ పనిని సెప్టెంబరులోనే ముగించుకోవాలి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలై వాన పట్టుకున్నాక వినే తీరిక ఎవరికీ ఉండదు, చెప్పడానికి వెళ్ళినవారే వంకల దగ్గర చిక్కుకుపోతారు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, తిరుపతి వీధులు ఏరులై, రాయలచెరువు కట్టకు లీకేజీ ఏర్పడి దిగువ పల్లెలను ఖాళీ చేయించిన రోజులు ఇక్కడివారికి ఇంకా గుర్తున్నాయి కాబట్టి, ఎక్కడో కరిగే మంచు సంగతి పక్కన పెట్టి ఆ జ్ఞాపకాలతోనే మాట మొదలుపెట్టండి.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదని, అందువల్ల బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడినప్పుడు కొద్ది గంటలలోనే కుండపోత కురిసే అవకాశం పెరుగుతోందని వివరించండి. అయితే ఫలానా వరదకు వాతావరణ మార్పు ఒక్కటే కారణమని ఎన్నడూ చెప్పకండి. పూడిపోయిన కాలువలూ ఆక్రమణకు గురైన చెరువులూ అందులో ఎంత పాలు పంచుకున్నాయో ఆ వీధివారికి మనకంటే బాగా తెలుసు. 24 గంటలలో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వర్షమని, 115.6 నుంచి అతి భారీ అని, 204.4 దాటితే అత్యంత భారీ అని తెలిసినవారికి వాతావరణ శాఖ హెచ్చరిక ఉపయోగపడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త చెరువు పరిశీలనకు కావాలి. మన చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు నిండి మరవ (మిగులు నీరు బయటికి పోయే దారి) పారితే ఆ నీరు కింది చెరువులోకి చేరుతుంది, పై కట్టకు గండి పడితే ఆ ప్రవాహమంతా కింది కట్ట మీదే పడుతుంది. అందుచేత మీ ఊరి చెరువును మాత్రమే చూసి తిరిగి రాకుండా, ఎగువన ఏయే చెరువులున్నాయో ఊరి పెద్దలనూ, చెరువు నీటిని పొలాలకు వదిలే నీరుగంటినీ అడిగి పటం గీసుకోండి. కట్ట మీద మొలిచిన కంప చెట్లు, ఎలుక బొరియలు, కట్ట వెనుక తడి కనిపించే చోట్లు, మరవకు అడ్డుగా పోసిన మట్టి, ఇవన్నీ ఫోటోలతో సహా రాసుకుని పంచాయతీకీ జలవనరుల శాఖకూ రాతపూర్వకంగా ఇవ్వండి. తూములో దిగడం, మరవను మీరే తవ్వడం, పొదలు మీరే నరకడం ఎంత మంచి ఉద్దేశంతోనైనా చేయకూడని పనులు. పొదలలో రక్తపింజరి ఉండవచ్చు. కాటు పడితే కట్లు బిగించక, గాయం కోయక, కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి.

నగరంలో వెస్ట్ చర్చి రైల్వే అండర్‌బ్రిడ్జి వంటి పల్లపు దారులను ముందే గుర్తు పెట్టుకోండి. వాన పడుతున్నప్పుడు అక్కడికి ఫోటోల కోసం కూడా వెళ్ళవద్దు. అరడుగు లోతు వేగపు నీరు పెద్ద మనిషినైనా పడగొట్టగలదు, పైగా మురుగు నీటి కింద మూత లేని మ్యాన్‌హోల్ కనిపించదు.

పద్దెనిమిదేళ్ళు నిండనివారికి తల్లిదండ్రుల అనుమతి రాతలో తీసుకోండి. కదలలేని ముసలివారు, గర్భిణులు ఉన్న ఇళ్ళ జాబితా వారి సమ్మతితో వార్డు సచివాలయానికి మాత్రమే చేరాలి, వాట్సాప్ గ్రూపులలోకి రాకూడదు. ఎరుపు హెచ్చరిక వెలువడిన రోజున పర్యటన రద్దయినట్టేనని బృందంలో అందరికీ ముందే చెప్పి ఉంచండి.