పోర్టు 80 బదులు 20480 కనిపిస్తే? బైట్ల వరుస తప్పును పట్టుకునే తీరు

హనుమకొండలో ఇంజనీరింగ్ చదివే ఒకమ్మాయి తను సొంతంగా రాసిన నెట్‌వర్క్ టూల్ తెచ్చి చూపించింది. సర్వర్ నడిచేది 80వ పోర్టులో (పోర్టు అంటే కంప్యూటర్‌లో ఏ సేవకు సమాచారం చేరాలో చెప్పే సంఖ్య), టూల్ చూపించేది 20480. "రెండు రోజుల్నుంచి సర్వర్ సెట్టింగులన్నీ మార్చి చూసిన సార్" అంది. సర్వర్‌లో ఏ దోషమూ లేదు.

ఇలాంటి వింత సంఖ్య కనబడగానే ముందు కాగితం తీయండి. దాన్ని 256తో భాగించండి. శేషాన్ని 256తో గుణించి, దానికి భాగఫలం కలపండి. 20480కి భాగఫలం 80, శేషం 0. కలిపితే 80. అదే 47873 అయితే భాగఫలం 187, శేషం 1. కలిపితే 443. ఇలా తెలిసిన పోర్టు బయటపడితే బైట్లు తిరగబడ్డాయని దాదాపు ఖాయం.

కారణం చిన్నది. పోర్టు సంఖ్య రెండు బైట్లలో ఉంటుంది: 256లు ఎన్నో చెప్పేది పెద్ద బైటు, మిగిలిన శేషం చెప్పేది చిన్న బైటు. నెట్‌వర్క్‌లో పెద్ద బైటు ముందు వెళ్తుంది. మన ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు మెమరీలో చిన్న బైటును ముందు పెడతాయి. ఈ చిక్కు మనకు కొత్తదేమీ కాదు. వేయిస్తంభాల గుడి శాసనం శక 1084 నాటిది. ఆ సంవత్సరాన్ని పాత పద్ధతిలో పదాలతో చెప్పాలంటే వేద, వసు, ఆకాశ, చంద్ర అనాలి: 4, 8, 0, 1. 'అంకానాం వామతో గతిః' (అంకెలు కుడి నుంచి ఎడమకు సాగుతాయి) అన్న నియమం తెలియనివాళ్లు 4801 అని చదువుతారు. కంప్యూటర్‌లో మాత్రం తిరగబడేవి అంకెలు కావు, బైట్లు.

తర్వాత, నెట్‌వర్క్‌లో ముక్కలుగా (ప్యాకెట్లుగా) వెళ్లే సమాచారాన్ని పట్టి చూపించే టీసీపీడంప్‌తోగానీ వైర్‌షార్క్‌తోగానీ ప్యాకెట్‌ను పట్టి, పోర్టు ఉండే రెండు బైట్లు చూడండి. అవి 16 ఆధారంగా రాసే హెక్స్ అంకెల్లో కనిపిస్తాయి; అందులో 80ని 50 అని రాస్తారు. 00 50 ఉంటే పంపడం సరిగ్గానే ఉంది, టూల్ చదవడంలోనే తప్పు. 50 00 ఉంటే పంపేటప్పుడే తిరగబడింది. ఈ మెట్టు దాటేసి కోడ్‌లో చేయి పెట్టొద్దు. అప్పటికే మార్చినదాన్ని మళ్లీ మార్చి, తప్పును ఇంకో చోటికి నెట్టినవాళ్లను చాలామందిని చూశాను.

పింగ్ (అవతలి యంత్రం బదులిస్తుందో లేదో చూసే పరీక్ష) పనిచేస్తోంది కదా అని నిశ్చింతగా ఉండకండి. వరుస సంఖ్య 1 బదులు 256గా వెళ్లినా, అవతలి యంత్రం వచ్చినదాన్ని వచ్చినట్టే తిరిగి పంపుతుంది, కాబట్టి తప్పు బయటపడదు.

దిద్దుబాటు రెండు చోట్లే జరగాలి: ప్యాకెట్ లోపలికి వచ్చే గుమ్మం దగ్గర, బయటికి వెళ్లే గుమ్మం దగ్గర. సీ భాషలో ఇందుకు ఫంక్షన్లున్నాయి: పోర్టును చదివేటప్పుడు ఎన్‌టోహెచ్ఎస్, పంపేటప్పుడు హెచ్‌టోఎన్ఎస్. పైథాన్‌లో బైట్లను సంఖ్యలుగా మార్చే స్ట్రక్ట్ మాడ్యూల్‌లో ఫార్మాట్ మొదట '!' గుర్తు చాలు.

ఇక పరీక్షకు, తిరగేస్తే మారిపోయే విలువలే వాడండి. 4660 మంచి పోర్టు, తిరగబడితే 13330 అవుతుంది. ఆ అమ్మాయి వాడిన చిరునామా 10.0.0.10. ఎటు నుంచి చదివినా అదే. దాన్ని 10.0.0.11 చేయించగానే టూల్ 11.0.0.10 చూపించింది. పోర్టుతోపాటు చిరునామా కూడా మొదటినుంచీ తలకిందులుగానే ఉంది.