థర్మోకోల్‌తో ఆవ్రో 748 గ్లైడర్ కట్టడం

డకోటాలనే పాత రవాణా విమానాలకు బదులుగా పుట్టిన ఈ రెండు ఇంజిన్ల విమానం 1960 జూన్ 24న మొదట ఎగిరింది. కాన్పూర్‌లో కట్టిన తొలి ఆవ్రో 1961 నవంబర్ 1న గాలిలోకి లేచింది. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 30 మీటర్లు, విమానం పొడవు 20.4. 50వ వంతుకు తగ్గిస్తే 60 సెంటీమీటర్లు, 41 సెంటీమీటర్లు. ఏ బడి బల్ల మీదైనా సరిపోతుంది.

5 మిల్లీమీటర్ల థర్మోకోల్ షీటు తీసుకోండి. రెక్క వెడల్పు ఒడలి దగ్గర మొదట్లో 7, కొసన 3 సెంటీమీటర్లు ఉండాలి. అడుగున సన్నని వెదురు పుల్ల అతికించండి, లేకుంటే మొదటి దెబ్బకే విరుగుతుంది. ఫెవికాలే వాడాలి, క్విక్ గమ్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది.

రెక్కను ఒడలి కింది అంచున అమర్చి, కొసలు రెండూ 3.5 సెంటీమీటర్లు పైకి లేపండి. ఆ వంపు లేకపోతే బొమ్మ ఒక పక్కకు ఒరిగి, మళ్లీ నిలవదు. ఉత్తుత్తి ఇంజిన్లు రెక్క పైనే ఉండాలి. అసలు విమానంలో ప్రొపెల్లర్లు నేలకు తగలకుండా అలా పెట్టారు. బొమ్మకు ప్రొపెల్లర్లు వద్దు, గాలిని ఆపేస్తాయి.

ఇక అసలు పని సమతూకం చూడడం. రెక్క మొదట్లో ముందంచు నుంచి 2 సెంటీమీటర్ల వెనక, రెండు పక్కలా వేలికొసలు ఆనించి లేపండి. తోక వాలితే ముక్కులో బంకమట్టి కూరండి, చిటికెడు చిటికెడుగా. విసిరాక పైకి ఎగిరి, ఆగి, ముక్కు కొట్టుకుంటుంటే మట్టి ఇంకా చాలలేదు. సూటిగా నేలకు దూకితే ఎక్కువైంది.

పొద్దున్నే, గాలి లేవకముందే, గడ్డి మీద విసరండి.