మా యార్కీకి దగ్గు ఎలా తగ్గిందంటే

మా బుజ్జి ఆరేళ్ల యార్క్‌షైర్ టెర్రియర్ (యార్కీ) జాతి కుక్క. పోయిన ఎండాకాలం కపిలతీర్థం వైపు నడకకు తీసుకెళ్తే, గొలుసు బిగిసినప్పుడల్లా బాతు అరిచినట్టు దగ్గేది. గొంతులో ఏదో ఇరుక్కుందని టెన్షన్ పడి తేనె నాకించాం. తగ్గలేదు.

డాక్టర్ గారు ఎక్స్‌రే తీసి, శ్వాసనాళం అణిగిపోతోందన్నారు. దాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి ఉంగరాలు ఈ జాతిలో బలహీనపడటం ఎక్కువట. మెడపట్టీ ఒత్తిడి సరిగ్గా అక్కడే పడుతుంది. ఆ రోజే పట్టీ తీసేసి, ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కొన్నాం. ఎలుకల్ని పట్టడానికి ఇంగ్లండ్‌లో పెంచిన జాతి కదా, ఉడత కనిపిస్తే చాలు దూకుతుంది. అలా దూకినప్పుడల్లా అది ఎంత బాధపడిందో తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

బరువు కూడా నాలుగున్నర కిలోలుంది. ఈ జాతికి మామూలు బరువు మూడు కిలోల చుట్టూనే. నెయ్యన్నం మానేశాం. తిరుపతి ఎండకి వగర్చినా దగ్గు పెరుగుతుంది కాబట్టి నడక తెల్లవారుజామునే. పోపు ఘాటు, సాంబ్రాణి పొగ దగ్గరికి రానివ్వం. డాక్టర్ రాసిన మందూ వాడాం.

పూర్తిగా పోయే జబ్బు కాదు. రెండు నెలలకి మాత్రం దగ్గు బాగా తగ్గింది. చిగుళ్లు నీలంగా మారినా, సొమ్మసిల్లినా ఇంటి వైద్యాలు చేయకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.