టమ్మీ టక్‌కి వెళ్లే ముందు

ఇద్దరు పిల్లలు పుట్టాక నా పొట్ట గాలి తీసిన బెలూన్‌లా వేలాడేది. ఎంత వ్యాయామం చేసినా చర్మం బిగుసుకోలేదు. అందుకే టమ్మీ టక్ అనే పొట్ట ఆపరేషన్ చేయించుకున్నాను.

ముందు ఒకటి తెలుసుకోండి: ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. వదులైన చర్మం తీసేసి, గర్భంతో ఉన్నప్పుడు పక్కలకు విడిపోయిన పొట్ట కండరాలను దగ్గరికి కుడతారు. ఆపరేషన్‌కి ముందు బరువు కనీసం 6 నెలలు నిలకడగా ఉండాలి. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆగండి, మళ్లీ గర్భం వస్తే కుట్టిన కండరాలు సాగుతాయి. పొగ తాగేవాళ్లు వారాల ముందే మానేయాలి, లేకపోతే గాయం సరిగా మానదు.

మొదటి వారం నడుము నిటారుగా నిలపలేకపోయాను. మోకాళ్ల కింద దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకునేదాన్ని. పక్కన వేలాడే డ్రెయిన్ (గాయంలోంచి నీరు బయటికి తీసే గొట్టం) సీసాలో ఎర్రనీళ్లు కొలిచి రాసుకోవడమే పెద్ద టెన్షన్! అయినా రోజూ కాస్త నడవాల్సిందే, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

దాదాపు 6 వారాలు బరువులెత్తకూడదు. చంటిపిల్లాణ్ణి ఎత్తుకోవడానికి మనిషిని ముందే చూసుకోండి. మచ్చ మాత్రం ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఉంటుంది. నాది రంగు తగ్గి లేతబడడానికి ఏడాది పట్టింది.